ఇషితకు ప్రెషర్ ఉందట

మా ఆయన మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలియదు గానీ, ఇస్తే మాత్రం ఉప్పు గురించి ఇస్తాను. శనివారం ఒక్కరే మా అమ్మాయి ఇషిత బడిలో మీటింగుకు పోయి వచ్చి, వంటింట్లో ఉప్పు డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

“పిల్లకు ప్రెషర్ మస్తుందట. పెర్సిస్ మేడమే చెప్పింది, జర తగ్గించుండ్రి సార్ అని.”

మా ఇంట్లో ప్రెషర్ అంటే మామయ్య గాలయ్య గారిదే. పొద్దున మాత్ర, మూడు పూటలా చప్పటి కూర. ఏడో తరగతి పిల్లకు బీపీ ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇషితకు అసలే కాలేదు. మామయ్య ఒక్కరే సంతోషించారు.

“రా బిడ్డా, ఇంక నువ్వు నేను ఒక పార్టీ!”

చప్పటి పప్పు తినిపించి, ఈయన లెక్కల పుస్తకం తెరిచారు. “ప్రెషర్ ఉన్నా సరే, ఈసారి ఫస్ట్ రావాలె.”

సోమవారం రాందాస్ చౌరస్తా దగ్గర దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూశాడు.

“మంచిగనే ఉంది కదా. బీపీ అని ఎవరు చెప్పిండ్రు?”

ఈయన నన్ను చూశారు. నేను ఇషితను చూశాను. అది తన కాలి బొటనవేలు చూసుకుంది.

“మరి మేడం అబద్ధం చెప్పిందా?” అన్నారు ఈయన బయటికొచ్చాక. ఆ పరేషాన్ చూడలేక నేనే మేడంకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“అయ్యో, బీపీ కాదు సార్! చదువు ప్రెషర్. నోటితోని అడిగితే అన్నీ చెప్తది. పరీక్షల మాత్రం సగం పేపర్ ఖాళీగ ఇడుస్తుంది.”

ఫోన్ పెట్టేశాక ఆయన బండి తాళం తిప్పుతూ ఇషిత వైపు తిరిగారు.

“వచ్చినవి గూడ ఎందుకు రాస్తలేవే?”

“రాస్తే తప్పయితదేమో డాడీ. పోయినసారి మూడు మార్కులు పోతే ఆదివారం దాక నాతోని మాట్లాడలే నువ్వు. ఖాళీగ ఇడిస్తే మర్చిపోయిన అని చెప్పొచ్చు.”

నిజమా అన్నట్టు నాకేసి చూశారు. నేను సాయం చేయలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట ‘తప్పు’ అన్న మాట ఎదుటివాళ్ల గురించే విన్నాను. అందుకే మొదట నా చెవులే నమ్మలేదు.

“తప్పు రాసినా మాట్లాడత బిడ్డా,” అన్నారు, మందుల దుకాణం ముందు నలుగురూ వింటుండగా. “తప్పు నాది.”