రెండో సాక్ష్యం

ఉపవాస ప్రార్థనల చివరి శుక్రవారం నాడు, దేవరకొండకు దగ్గరి పల్లెలో, రేకుల కప్పు కింది చిన్న మందిరంలో ఈదమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. మూడు దినాలుగా నీళ్లు తప్ప ఏమీ ముట్టని ఒళ్లు తేలికగా ఉంది. అంత తేలికైన ఒంట్లో ఇక రోగమేదీ లేదనిపించింది.

“పదేండ్ల షుగర్ నన్ను ఇడిసిపెట్టింది. గోలీలు బంద్ చేసిన,” అన్నది.

మందిరమంతా చప్పట్లు, మందిరమంతా హల్లెలూయ. పాస్టర్ గాలయ్య ఆ సాక్ష్యాన్ని చుట్టుపక్కల నాలుగూళ్ల కూటాల్లో చెప్పాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. మేకల వెంట తిరుగుతూ ఈదమ్మ తుమ్మముల్లు తొక్కి నెల. ముల్లు ఆనాడే ఊడి వచ్చింది, పుండు మాత్రం మానలేదు. పాదానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీదికి చీర అంచు దించి, ఆమె ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చుంది. చూపులకు దాగిన పుండు వాసనకు దాగలేదు. కోడలు దీప్తి ఆశా కార్యకర్త అరుణమ్మను పిలుచుకొచ్చింది.

అరుణమ్మ వేలు పొడిచి, షుగర్ మిషను చూసింది.

“ఈదక్కా, నాలుగు వందలు దాటింది. ఇంకా ఊకుంటే వేళ్లు తీసేస్తరు. దవాఖానకు పో.”

“ఎట్ల పోవాలె? ఇప్పుడు గోలి మింగితే దేవుడు అబద్ధమాడినట్టయితది.”

“దేవుడు ఆడలే అత్తా, నువ్వాడినవ్,” అని దీప్తి నాలుక కరుచుకుంది.

అరుణమ్మ సంచి భుజానికి తగిలించుకుంటూ అన్నది: “ఇంకో ముచ్చట. మన మందిరం సోమమ్మ సుత నీ సాక్ష్యమిన్నప్పటి సంది బీపీ గోలీలు ముడుతలేదు. నేను పోతే తలుపేస్తది. ‘ఈదమ్మను బాగు చేసిన దేవుడు నన్ను చెయ్యడా?’ అంటది.”

ఈదమ్మ ముఖం మాడిపోయింది. కాలి నొప్పిని ఓర్చుకున్న మనిషి, ఆ మాటను ఓర్చుకోలేకపోయింది.

శనివారం కుంటుకుంటూ పాస్టర్ ఇంటికి వెళ్లింది. రేపు ఆరాధనలో లేచి ఉన్నదున్నట్టు చెప్తానన్నది. గాలయ్య ముఖంలో రంగు మారింది.

“వద్దమ్మా. నాలుగూళ్లల్ల చెప్పిన. ఇప్పుడు మళ్ల మార్చి చెప్తే విశ్వాసంల బలహీనులు తొట్రిల్లుతరు. సప్పుడు చెయ్యకుండ గోలీలు ఏసుకో. నేనెవ్వలికీ చెప్ప.”

“నేను సప్పుడు చెయ్యకుండ బతుకుత అయ్యగారూ. సోమక్క సప్పుడు చెయ్యకుండ సచ్చిపోతది.”

“నీ విశ్వాసం తగ్గిందా?”

“తగ్గలే. నేను మేపే మేకలు గోపమ్మయి. పుట్టే పిల్లల్ల సగం పాలుకు పట్టిన. వాటికి గాలికుంటు రోగమొస్తే, నాయి కావు గదా అని ఇడిసిపెడ్తనా? నాయి కావు గనుకనే ముందుగాల మందు పెడ్త. ఈ ఒళ్లు సుత నాది కాదు, ఆయనది. సాకమని నా చేతికిచ్చిండు. నాలుగు నెలలు నేను సాకలే.”

గాలయ్య కిటికీ వైపు తిరిగాడు. “రేపు నేను నిన్ను పిలువ,” అన్నాడు.

“పిలువకున్నా లేస్త.”

ఆదివారం. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. “సాక్ష్యాలున్నోళ్లు లేవండి,” అంటూ గాలయ్య వెనుక వరుసలనే చూశాడు. ముందు వరుసలో ఈదమ్మ నేలకు చేయి ఆనించి, మోకాలు నిలిపి, పళ్లు బిగించి లేచింది. వంగి గుడ్డ విప్పింది. పక్కనున్నవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

“చూడుండ్రి. షుగర్ పోలే. పోయిందని నాకు దేవుడు చెప్పలే, ఏ డాక్టరూ చెప్పలే. నాకనిపించింది, నేను చెప్పిన. తప్పు నాది, ఆయనది కాదు. ఆయన్ను నిన్నటికన్న ఇయ్యాల ఎక్కువ నమ్ముతున్న. నమ్ముకుంటనే దవాఖానకు పోతున్న. నా మాట ఇని గోలీలు బంద్ చేసినోళ్లు మళ్ల ఏసుకోండ్రి. మీ కాళ్లు మొక్కుత.”

ఒక్క చప్పట లేదు. ఒక్క హల్లెలూయ లేదు. తల మీద రేకులు ఎండకు చిటచిటమన్నాయి. ఆ నిశ్శబ్దంలోంచే, ఎవరి ముఖమూ చూడకుండా, దీప్తి భుజం పట్టుకుని ఈదమ్మ బయటికి నడిచి, దవాఖానకని ముందే పిలిపించిన ఆటో ఎక్కింది.

డ్రైవర్ బండి తీయబోతుండగా, సోమమ్మ మందిరంలోంచి ఆయాసపడుతూ వచ్చి ఆటో చువ్వ పట్టుకుంది.

“జరుగు.”

“యాడికక్కా?”

“యాడికేందే? నాలుగు నెలల సంది తల గిర్రున తిరుగుతాంది. నీ దేవునికి సిగ్గయితదేమోనని గోడలు పట్టుకొని నడుస్తున్న. జర ముందుగాల చెప్పొద్దా, ముండా!”

ఈదమ్మ జరిగింది. పుండున్న కాలును దీప్తి తన ఒళ్లోకి ఎత్తుకుంది.

అప్పటికి గాలయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రావాలో, లోపలికి పోవాలో తేల్చుకోలేని నిలుపు అది. ఈదమ్మ ఆటోలోంచి తల బయటికి పెట్టి, మందిరం లోపలివాళ్లకు కూడా వినబడేంత గొంతుతో అన్నది:

“అయ్యగారూ, ఆ నాలుగూళ్ల పేర్లు రాసిపెట్టుండ్రి. కాలుంటే నడిచొస్త, లేకుంటే కట్టె పట్టుకొనొస్త. అన్నిట్ల నేనే చెప్త.”