కింది మోడెం

మా ఇంట్లో ఇంటర్నెట్ మూడు డబ్బాలు దాటితే గానీ నా దగ్గరికి రాదు. కింద దేవుడి గదిలో ఫోను పక్కన మోడెం, మెట్ల మలుపులో ఒక రౌటరు, మేడ మీద నా మంచం పక్కన ఇంకొకటి. ఇంత ఆర్భాటం నా కాలు వల్లే. స్కూటీ మీద నుంచి పడితే విరిగి, పిండికట్టు వేశారు. కింద హాలు నిండా మిరపకాయ బస్తాలు. ఆ ఘాటులో ఎవరు మాత్రం పడుకుంటారు? అందుకని మా ఆయన శ్రీకృష్ణ నన్ను ఎత్తుకొచ్చి మేడ మీద పడేసి పొలానికి పోయాడు.

గుంటూరులో మా ఆఫీసు పని అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చెయ్యడం. ఇంటి నుంచి చేసుకోమని వీపీఎన్ ఇచ్చారు. అది ఉంటేనే ఆఫీసు ఫైళ్లు తెరుచుకుంటాయి, తెగితే సగం చేసిన పని కూడా పోతుంది. మా పై అధికారి రాజరాజేశ్వరి మేడమ్ మొదటిరోజే చెప్పేసింది.

"రెండు వారాలు చూస్తానమ్మా. లైను నిలబడకపోతే నీ సీటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

నాదంటూ చెప్పుకోవడానికి నాకున్నది ఆ సీటొక్కటే. అది పోతుందన్న భయంతో అన్నం సహించలేదు.

లైను రోజూ తెగింది. ఆఫీసులో నెట్‌వర్క్ చూసే సాయికౌశిక్‌కి ఫోన్ చేశాను.

"మాధురి గారూ, మీ రౌటర్లు రెండిటికీ ఒకే అడ్రస్ ఉందండి. ఒకే డోర్ నంబరుతో రెండిళ్లుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు చెప్పండి."

నంబరు మార్చాను. మళ్లీ తెగింది. మా ఆయన చేత వైర్లు మార్పించాను. అయినా తెగింది. తెగినప్పుడు పింగ్ చేసి, అంటే కంప్యూటర్లోంచి ఒక్కో డబ్బానీ పిలిచి చూస్తే నా రౌటరు పలికేది, మెట్ల మీది రౌటరు పలికేది, కింది మోడెం మాత్రం పలికేది కాదు. మంచం మీద నుంచే అరిచేదాన్ని.

"అత్తయ్యా, మోడెం లైట్లు వెలుగుతున్నాయా?"

"అంతా బాగానే ఉందమ్మా. నువ్వు కాసేపు పడుకో."

కొత్త మోడెం తెప్పించాను. అదీ అంతే. తెగిన వేళలు, తిరిగొచ్చిన వేళలు నోటుబుక్కులో రాసుకుని సాయికౌశిక్‌కి చదివి వినిపించాను. మంగళవారం మూడింటికి, బుధవారం పన్నెండింటికి, గురువారం ఒకటిన్నరకి.

"రోజుకో టైములో, అదీ కచ్చితంగా గంటన్నర," అన్నాడతను. "ఇలాంటి జబ్బు నేనెక్కడా చూళ్లేదండి."

టెలిఫోన్ వాళ్లని తిట్టాను, కరెంటు వాళ్లని తిట్టాను, ఏ పాపం తెలియని మా ఆయన్నీ తిట్టాను.

రెండో శుక్రవారం అత్తయ్య పొద్దున్నే కల్లానికి వెళ్లింది. తాలుకాయలు ఏరడానికి కూలీలు తక్కువయ్యారట. ఆరోజు లైను ఒక్కసారి కూడా తెగలేదు. పదిన్నరయింది, పదకొండు కావచ్చింది, ఇక గండం గడిచిందని నేను హాయిగా టైపు చేసుకుంటున్నాను. సరిగ్గా పదకొండింటికి మేడమ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. నా సీటు నిన్ననే వేరే అమ్మాయికి ఇచ్చేశారట. లైను బాగుపడిందని ఫోన్ చేసి బతిమాలాను. నిన్నే సంతకాలైపోయాయి, ఇక తన చేతుల్లో లేదంది.

సాయంత్రం అత్తయ్య మేడెక్కి వచ్చింది. చీరంతా మిరప దుమ్ము. సంగతి చెప్పగానే నేల మీద కూలబడి ఏడ్చింది.

"నా వల్లేనమ్మా. ఇన్నాళ్లూ కాపాడుకొచ్చాను. ఇవాళ ఒక్కరోజు కల్లానికి పోయి వదిలేశాను."

"ఏం వదిలేశారత్తయ్యా?"

"రాహుకాలంలో నీ పని సాగితే ఉద్యోగం నిలవదని, రోజూ ఆ గంటన్నర మోడెం ఆపుతున్నాను. చెబితే నవ్వుతావు, అందుకే చెప్పలేదు. చూడు, ఇవాళ ఆపకపోయేసరికి ఏం జరిగిందో. ఆ కబురు ఎన్నింటికి వచ్చింది?"

గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు. నోటుబుక్కు నా దిండు పక్కనే ఉంది. అది ఆమె మొహాన విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆమె ఏడుస్తూనే, పిండికట్టులోంచి బయటికొచ్చిన నా కాలివేళ్లు నిమురుతోంది.

"పదకొండింటికి," అన్నాను.