ఒక్క పుస్తకం తక్కువ

టైలరమ్మకు లైబ్రరీ పిచ్చి అని వీధి వీధంతా ఎరుగుదురు. ఎరగనివాళ్ళెవరైనా మిగిలితే ఆ కొరత అత్తగారు తీర్చేవారు. "కోడలు కావాలని తెచ్చుకుంటే చదువుల తల్లి వచ్చిపడింది. ఈ ఇంట్లో గరిట తప్ప అన్నీ తిరగేస్తుంది" అనేవారు.

అందులో అబద్ధమేమీ లేదు. చిన్నప్పుడు ఇంటినిండా పిల్లలు, వాళ్ళందరికీ ఈవిడ అక్క. కాస్త కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పని పురమాయించేవారు. లైబ్రరీలో మాత్రం ఎంతసేపు కూర్చున్నా "ఇంకా ఇక్కడే ఉన్నావా" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ సుఖం మరిగిన మనిషి, పెళ్ళిచూపులనాడు అబ్బాయి మొహమైనా సరిగా చూడకుండానే తలూపేసింది. వాళ్ళ ఇల్లు లైబ్రరీ వీధిలోనే ఉందని ముందే వాకబు చేసుకుంది మరి. జుట్టు నెరిసినా ఆ పిచ్చి తగ్గలేదు. కుట్టుపని ఆలస్యమైతే బట్టలిచ్చినవాళ్ళు షాపుకు కాక నేరుగా లైబ్రరీకే వచ్చి దెబ్బలాడేవారు.

అలాంటి లైబ్రరీని మూసేస్తారన్న కబురు వినగానే ఆవిడ కుడుతున్న జాకెట్టు అక్కడే పడేసి లైబ్రరీకి పరుగెత్తింది.

"ఇంటికి పట్టుకెళ్ళిన పుస్తకాలే లెక్కలోకొస్తాయమ్మా. మనవాళ్ళేమో ఇక్కడే కూర్చుని చదివేసి పోతారు. పైవాళ్ళకు ఎవరూ చదవనట్టే. వచ్చేవారం ఆఫీసరుగారు చూడ్డానికొస్తున్నారు" అన్నాడు లైబ్రేరియన్, గొంతు తగ్గించి. ఆయనకు పెంచడం ఎలాగూ రాదు.

"ఇంతేనా" అని టైలరమ్మ టేపు మెడలో ఉండగానే వీధిమీద పడింది. మంగలినీ బస్సు డ్రైవర్నీ ఎవర్నీ వదల్లేదు. తీరిక లేదన్నవాడికి సన్న పుస్తకం, నిద్ర పట్టదన్నవాడికి లావు పుస్తకం అంటగట్టింది. ఎవరూ ముట్టని అన్నిటికంటే పెద్ద నవల మిగిలిపోతే, దాన్ని తెచ్చి అక్షరాలు కూడబలుక్కోవడం మాత్రమే వచ్చిన అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"చదవక్కర్లేదత్తయ్యా, ఇంట్లో ఉంటే చాలు."

ఆఫీసరు వచ్చేసరికి అరలు కడిగిపెట్టినట్టున్నాయి. ఆయన ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, "పుస్తకాల్లేని లైబ్రరీ దేనికండీ?" అన్నాడు. టైలరమ్మ నాలిక్కరుచుకుంది. ఇంత హడావిడిలో ఈ ముక్క ఎవరికీ తట్టలేదు.

"అన్నీ పాఠకుల దగ్గరున్నాయి సార్" అన్నాడు లైబ్రేరియన్.

"వారం రోజుల్లో అందరికీ చదువుమీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందా? నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు. అన్నీ తెప్పించండి, తాళం వేసేద్దాం. ఒక్కటి తగ్గినా తాళం వెయ్యడానికి రూలు ఒప్పుకోదు, జాగ్రత్త."

టైలరమ్మ ఇంటికొచ్చి సంగతంతా చెప్పి, పెద్దపెట్టున ఏడ్చింది. తన తెలివే కొంప ముంచిందని తిట్టుకుంది. అత్తగారు విన్నారు, ఏమీ అనలేదు. అది ఆ ఇంట్లో వింతే.

పుస్తకాలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. మంగలి అయితే హంతకుడెవరో తేలేదాకా ఇవ్వనని, సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి చదివాడు. చివరికి అందరూ ఇచ్చేశారు. ఆఫీసరు తాళం చేత్తో పట్టుకుని వచ్చాడు. ఒక్కటి తగ్గింది. ఎవరి దగ్గరుందో విని, ఆయనే టైలరమ్మ ఇంటికి నడిచాడు. ఆవిడ బిక్కచచ్చిపోయి వెనకాలే వచ్చింది.

అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నవల, అక్షరం కింద వేలు.

"మామ్మగారూ, ఆ పుస్తకం ఇచ్చేస్తే నా పని అయిపోతుంది."

"చదువుతున్నా నాయనా."

"ఎంతవరకు వచ్చింది?"

"మొదటి పేజీ. నిన్నంతా పైనున్న పేరుకే సరిపోయింది."

"గడువు దాటిపోతుంది కదండీ."

"అడిగితే పెంచుతారటగా. పెంచు. ఒక్కటి తగ్గినా రూలు ఒప్పుకోదని నువ్వే అన్నావట."

ఆఫీసరు నవల మందం చూశాడు, ఆవిడ వేలు చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకుని, తాళం జేబులో వేసుకున్నాడు.

టైలరమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్తగారి పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏడ్చింది చాలు. ఈ ఒత్తేమిటో చెప్పవే" అన్నారు అత్తగారు. "తొందరేం లేదు. మెల్లగానే చెప్పు."