గుట్ట మీద గడ్డి కోసే యంత్రం

మా ఊరి శ్మశానంలో నేను గడ్డి కోసే యంత్రాన్ని శీతాకాలానికి సర్దిపెట్టడం నాకు పాతికేళ్ల అలవాటు. ఈ అక్టోబరులో మా టౌన్‌షిప్ బోర్డు వాళ్లు దాన్ని అమ్మేస్తామన్నారు. శ్మశానంలో చదునుగా ఉన్న భాగాన్ని వచ్చే వేసవి నుంచి పట్నం కంపెనీ కోస్తుందట. పాత గని కార్మికుల, పసిపిల్లల సమాధులున్న గుట్టను మాత్రం వదిలేస్తారట, కంపెనీ వాళ్ల పెద్ద బండి అక్కడికి ఎక్కదని. నా కూతురు ఉన్నది ఆ గుట్ట మీదే. మూడు రోజులు బతికింది. అరచేయంత సమాధి పలక, నేలకు సమంగా ఉంటుంది. జూన్‌లో రెండు వారాలు కోయకపోతే గడ్డి దాన్ని మింగేస్తుంది.

"అక్కడికి ఎవరూ రావడం లేదు కదా హిల్యా ఆంటీ" అన్నాడు బోర్డు పెద్ద వెర్న్ కోస్కెలా, షెడ్డు గుమ్మంలో నిలబడి టోపీ మీది మంచు దులుపుకుంటూ.

"నేను రావడం లేదట్రా? నేను మనిషిని కానా?"

"శనివారం కొనేవాడొస్తున్నాడు. దాన్నింక ముట్టుకోకండి."

"నీ మొహం! అమ్మేదాకా అది నా చేతికిందే ఉంటుంది."

వాడు వెళ్లగానే పని మొదలుపెట్టాను. ట్యాంకులోని పెట్రోలు వంపేసి, మిగిలిన చుక్కలు కాలిపోయి తనంతట తానే ఆగేదాకా ఇంజను నడిపాను. వేడి మీదే నల్లబడ్డ ఆయిలు దించి కొత్తది పోశాను. పక్కకు ఒరిగించి, అడుగున అట్టకట్టిన గడ్డిని చెక్కముక్కతో గీకాను. ఇంజను స్పార్క్ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి, లోపలంతా అంటుకునేలా ఇంజను తిప్పే తాడు మెల్లగా లాగి, ప్లగ్గు మళ్లీ బిగించాను. లోపల తుప్పు పట్టకుండా కాపాడేది ఆ చెంచాడు ఆయిలే.

శనివారం కొనేవాడు వచ్చాడు. వెర్న్ నన్ను ఒక్క మాటైనా అడగలేదు. డబ్బాలో తెచ్చిన పెట్రోలు పోసి తాడు లాగాడు. నాలుగో లాగుకు ఇంజను అందుకుంది. అబ్బో, ఏం పొగ! షెడ్డంతా తెల్లగా కమ్మేసింది. కొనేవాడు దగ్గుతూ బయటికి పరిగెత్తాడు.

"పాడైపోయిన ఇంజను నాకు అంటగడదామనుకున్నావా?" అని కేకలేసి బండెక్కి వెళ్లిపోయాడు.

రెండు నిమిషాలు ఆగుంటే ఆ చెంచాడు ఆయిలు కాలిపోయి పొగ తగ్గేది. ఆ సంగతి నేనెందుకు చెప్తాను? లోలోపల నవ్వు ఆగలేదు.

పొగ విడిపోయింది. ఇంజను హాయిగా నడుస్తోంది. వెర్న్ దాన్ని ఆపి నావైపు తిరిగాడు.

"ఇది మీ పనేనా?"

"నా పనే. ఏటా చేసే పనే."

"అతనికి చెప్పొచ్చుగా!"

"గుట్టను వదిలేసేటప్పుడు నువ్వు నన్నడిగావా?"

వాడి ముఖం కందిపోయింది. "సోమవారం ఇంకొకణ్ని తీసుకొస్తాను."

"తీసుకురా. మళ్లీ ఆయిలు పోస్తాను. ఎంతమందిని తెస్తే అన్నిసార్లు పోస్తాను."

"ఎలాగైనా అమ్మేస్తాం ఆంటీ."

"అమ్ముకోండి. కొడవలి పట్టుకుని వస్తా. అదీ లాక్కుంటే మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో కోస్తా. నేను బతికుండగా నా బిడ్డను గడ్డి కప్పేస్తే ఊరుకోను!"

"బిడ్డ పేరేమిటి?" అన్నాడు మెల్లగా.

"పేరు పెట్టేలోపే పోయిందిరా. పలక మీద తేదీ ఒక్కటే ఉంది. అదీ కనపడకపోతే, అది పుట్టిందని చెప్పడానికి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగులుతా. పక్కకు తప్పుకో, నాకు పనుంది."