సందేహాలుంటే అడగండి

సంచిలో తువ్వాళ్లు పట్టడం లేదు. మాస్టారు అడుగున పెట్టిన రెండు లావుపాటి వ్యాఖ్యాన గ్రంథాలను భార్య తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వెనకే వచ్చి ఒకదాన్ని మళ్లీ దూర్చారు. గుండె ఆపరేషన్‌కు వెళ్తూ పుస్తకాలేమిటని ఆమె సణిగింది. తిరిగొచ్చాక పాఠం ఉందన్నారు ఆయన.

బైబిలు కళాశాలలో ఆయన చెప్పేది ప్రార్థన గురించే. ఏ కాలంలో ఎవరు ఎలా ప్రార్థించారో, ఎవరితో ఎవరు వాదించారో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇంట్లో మాత్రం ఆ ఊసే ఎత్తరు. పెళ్లైన కొత్తలో ఆమె భోజనం ముందు గొంతెత్తి ప్రార్థించింది. సిలువ మోసింది కుమారుడైతే, తండ్రిని పిలిచి ఆయనకే వందనాలు చెప్పావేమిటని మాస్టారు తప్పు పట్టారు. ఆమె మళ్లీ పైకి ప్రార్థించలేదు. గిన్నెలు తోముతూ లోపల్లోపల గొణుక్కునేది, అంతే.

ఆసుపత్రిలో తోడుగా ఒక్కరినే ఉండనిస్తారు గనుక ఆమె ఇంట్లో ఆగి, మరిది వెళ్లేట్టు అనుకున్నారు. అతను కారు తెచ్చాడు. ఆమె మడిచిన తువ్వాలునే విప్పి మళ్లీ మడిచింది.

“ఒక్కసారి ప్రార్థన చేసి వెళ్లండి.”

“అన్నయ్య మొదలెడితే ఇంజన్ ఆపెయ్యాలి వదినా,” అన్నాడు మరిది.

మాస్టారు కళ్లు మూసుకున్నారు. ప్రభువును పిలిచారు. విన్నపానికీ కృతజ్ఞతకూ తేడా వివరించారు. దాని మీద పెద్దల అభిప్రాయాలు చెప్పారు. చివర ఆమేన్‌కు బదులు, తరగతిలో అలవాటు కొద్దీ, “సందేహాలుంటే అడగండి,” అన్నారు.

మరిది పకపకా నవ్వాడు. వాళ్లిద్దరి ముఖాలు చూసి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

“ఒకటుంది,” అంది ఆమె. “మీకు భయం వెయ్యట్లేదా?”

ఆయన సంచి జిప్పు లాగారు. అది సగంలో ఇరుక్కుంది.

“వేస్తోందే.”

“ఆ మాటే దేవుడికి చెప్పండి.”

ఆయన కళ్లు మూసి, మళ్లీ తెరిచారు. ఇన్నేళ్ల చదువులో ఆ ఒక్క మాట ఏ పుటలో ఉందో దొరకనట్టు ఆమె వైపు చూశారు. ఇక ఆమే కళ్లు మూసుకుంది.

“నాయనా, ఈయనకి భయంగా ఉంది. నాకూ ఉంది.”

ఆయన తప్పు పట్టలేదు. అక్షరాలు దిద్దే పిల్లాడిలా ఆమె వెంట అన్నారు: “నాకు భయంగా ఉంది, ప్రభువా.”

బయట హారన్ మోగింది.

మాస్టారు తిరిగి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆపరేషన్ బల్ల మీదే పోయారు. ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి ఆయన పాఠాలకు వేసుకెళ్లే చొక్కా వేలాడుతోంది. దాని జేబులో సగం అరిగిన సుద్దముక్క ఉంది.