సోమవారం ఓడ

ఓడ ఎక్కేవాళ్ళ వయసుల జాబితా నా చేతికిస్తే చాలు, అది ఏ వారం బయల్దేరే ఓడో చెప్పేస్తాను. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఐదు అని వరసగా ఉంటే శుక్రవారం ఓడ. హజీరా కంపెనీల్లో పనిచేసే కుర్ర ఇంజనీర్లు, పెళ్ళికి ముందు చివరి సరదా అని స్నేహితులను వెంటేసుకొచ్చేవాళ్ళు. డెబ్బై, నలభై రెండు, ముప్పై తొమ్మిది, పదకొండు, నాలుగు అని ఉంటే బడి సెలవుల ఓడ. నాలుగేళ్ళ పిల్ల వెనక డెబ్బై ఏళ్ళ నానమ్మ ఓడంతా పరుగెడుతుంది, తల్లిదండ్రులు ఫొటోలు దిగుతారు. అందరూ అరవై దాటినవాళ్ళే అయితే అది సోమవారం ఓడ. పనికి పోవాల్సినవాడు ఎవడూ సోమవారం ఓడ ఎక్కడు. అందులో పాటలు కూడా చిన్నగా పెడతారని, భోజనాలు తొందరగా అయిపోతాయని, పగలంతా జనం కుర్చీల్లో కూర్చుని నీళ్ళు చూస్తారని అంటారు. నేను చూసింది కాదు. పదకొండేళ్ళుగా జనాన్ని ఎక్కిస్తున్నాను గానీ నేను ఒక్క ఓడా ఎక్కలేదు.

నా పేరు విజయశ్రీ. ముప్పై తొమ్మిది. పెళ్ళయింది, పోయింది, ఆ కథ ఇక్కడ పనికిరాదు. పర్వత్ పాటియాలో బట్టల మార్కెట్ల వెనక సందులో మా ట్రావెల్స్ ఆఫీసు. సూరత్ నుంచి ముంబైకి బస్సు, అక్కడ మూడు రాత్రులు సముద్రం మీద తిప్పి తెచ్చే ఓడ, తిరిగి బస్సు, అన్నీ మేమే చూస్తాం. పేరు, ఆధార్, వయసు, ఉల్లిపాయ తింటారా తినరా, ఇవన్నీ కంప్యూటర్లో గళ్ళు నింపి ఓడ కంపెనీకి పంపడం నా పని. మా యజమాని నిరంజన్‌భాయ్‌కి ఒకే ఈడు వాళ్ళ గుంపు నచ్చదు. "అందరూ ముసలోళ్ళయితే మోకాళ్ళ గొడవ, అందరూ కుర్రాళ్ళయితే పోలీసుల గొడవ. కొంచెం మిక్స్ చెయ్యి బెహన్" అంటాడు. జనం వయసులేవో నేను డబ్బాలో పెట్టుకుని పంచుతున్నట్టు.

అలా ఒకరి వయసును నిజంగానే చేత్తో మార్చిన ఇల్లు మాది. ఆ ఒకరు మా నాయిన రాజలింగం.

ఆయన సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి పదమూడేళ్ళప్పుడు మేనమామ బుచ్చిరాములు వెంట సూరత్ వచ్చాడు, సాంచెల మీద పని నేర్చుకోవడానికి. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. పద్దెనిమిది నిండనివాణ్ణి రాసుకోనన్నాడు కార్ఖానా మేస్త్రీ. పద్దెనిమిది అంటే ఎవరికైనా అనుమానం వస్తుందని మామ ఏకంగా ఇరవై ఒకటి రాయించాడు. పుట్టిన తేదీ జూన్ ఒకటి. మూతి మీద నూగు కూడా రాని ఆ ఇరవై ఒక్క ఏళ్ళవాణ్ణి చూసి మేస్త్రీ నవ్వాడట, నవ్వి రాసుకున్నాడట. ఆ కాగితాన్ని చూసి రేషన్ కార్డు, దాన్ని చూసి ఓటు కార్డు, దాన్ని చూసి ఆధార్. మా మేనత్త బుచ్చవ్వ ఊళ్ళోనే ఉండిపోయింది కాబట్టి ఆమె లెక్క సరిగ్గానే ఉంది, అరవై ఐదు. ఆమెకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు కార్డుల్లో ఆమెకంటే ఐదేళ్ళు పెద్ద. రాఖీ కట్టడానికి వచ్చినప్పుడల్లా "నేనే నీ కాళ్ళు మొక్కాల్నా తమ్మీ" అని ఏడిపిస్తుంది.

మా అమ్మ పోశమ్మకు మాత్రం అందులో నవ్వేది ఏమీ కనబడదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మేముండే వరస గదుల చాల్‌లో ఆడవాళ్ళు రేషన్ కార్డు చూసి "ముసలోనికి ఇచ్చిన్రా నిన్ను" అన్నారట. ఆ మాట ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో గానీ, నలభై ఏళ్ళుగా ఎవరు ఆయన వయసు చదివినా అప్పటికప్పుడు సరిదిద్దుతుంది. బ్యాంకులో, ఓటేసే చోట, గ్యాస్ బండ ఇచ్చేవాడి దగ్గర. "గంత లేదు. ఎనిమిదేండ్లు ఎక్కువ రాసిన్రు." వాళ్ళు అడగకపోయినా చెబుతుంది. కాగితాల్లో నాయినకు అరవై నిండిన ఏడు సేఠ్ ఆయన్ని సాంచెల మీద నుంచి తీసి బాబిన్లు చుట్టే మూలకు పంపాడు. అప్పుడు ఆయనకు నిజంగా యాభై రెండు. అమ్మ కార్ఖానాకు వెళ్ళి సేఠ్‌కూ అదే చెప్పింది. సేఠ్ విన్నాడు, టీ తెప్పించాడు, పంపించేశాడు.

మొన్న బుధవారం కామ్‌రేజ్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. కోడలికి కాన్పు ముందుకొచ్చింది, తనూ భార్యా ఓడకు రాలేమన్నాడు. ఆ వచ్చే సోమవారం ఓడ. గది ఖాళీ, కొత్తవాళ్ళను వెతకడానికి టైం లేదు. నిరంజన్‌భాయ్ కాసేపు తల గోక్కుని, "మీ అమ్మనీ నాయిననీ పంపు. దీపావళికి నీకేమీ ఇవ్వలేదుగా, ఇదే అనుకో" అన్నాడు. ఆయనలో ఈ గుణం ఒకటి ఉంది. ఎప్పుడోగానీ బయటికి రాదు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ నమ్మలేదు. ఏడాదికోసారి డుమస్ ఒడ్డుకు వెళ్ళి, మిరపకాయ భజియాలు తిని, దూరంగా పోయే ఓడలను చూసి రావడమే ఆమె ఎరిగిన సముద్రం.

"అండ్ల మనసొంటోళ్ళను ఎక్కనిస్తరా?"

"పేరు రాస్తే ఎక్కనిస్తరు. రాసేది నేనే."

"సప్పుడు ఎంతుంటది?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు. మా గోడకు అటువైపు కార్ఖానా. పొద్దున ఏడింటికి మొదలైతే గిన్నెలు కూడా అదురుతుంటాయి. నాయిన చెవులు సాంచెలకే అయిపోయాయి. ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా అమ్మ అరవాల్సిందే. ఎవరైనా కొత్తవాళ్ళు వింటే ఈ ఇంట్లో పొద్దస్తమానం కొట్లాటే అనుకుంటారు.

"సోమవారం ఓడల సప్పుడుండదు. అందరూ పెద్దోళ్ళే ఉంటరు," అన్నాను.

"అయితే పోత. సప్పుడు లేని జాగల మీ నాయినతోటి ఒక్కపాలి మెల్లగ మాట్లాడాల్నని ఉంది."

"మెల్లగ మాట్లాడితె ఆయనకు ఇనవడదు కదమ్మా."

"ఇనవడకుంటె మానె. నేనైతె మెల్లగ మాట్లాడుత."

మా అమ్మ నన్ను ఇది కావాలని అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఏమైనా సరే పంపాలనుకున్నాను.

అడ్డం ఒక్కటే. డెబ్బై నిండినవాళ్ళు ఓడ ఎక్కాలంటే ప్రయాణానికి పనికొస్తారని డాక్టరు రాసిన కాగితం ఉండాలి. నాయినకు ఆధార్ ప్రకారం ఈ జూన్ ఒకటికి డెబ్బై నిండింది. మూడు వారాలు కూడా కాలేదు. ఈ మాట ఆయన చెవిలో అరిచి చెబితే నవ్వాడు. "డెబ్బై ఏండ్లోని పరీచ్ఛ అరవై రెండేండ్లోనికి పెడితె పాసు గాడా?" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

శనివారం సాయంత్రంలోగా జాబితా పంపాలి. మధ్యాహ్నం ముగ్గురం మా సందు చివర ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మంచివాడే, బీహారు కూలీలకూ ఒడిశా కూలీలకూ మాకూ అందరికీ ఆయనే దిక్కు, అందరితో హిందీలో మాట్లాడతాడు. బీపీ చూశాడు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాడు. ఆఖరికి ఒక గొట్టం నోట్లో పెట్టి గట్టిగా ఊదమన్నాడు. దాని తీగ చిన్న యంత్రానికి ఉంది. ఆధార్ చూసి అందులో వయసు నొక్కాడు. నాయిన మూడుసార్లు ఊదాడు, మూడుసార్లూ దగ్గాడు.

"మగ్గాల దుమ్ము కదా. డెబ్బై ఏళ్ళకు ఈ మాత్రం అరుగుదల ఉంటుంది, పర్వాలేదు, వెళ్ళిరండి," అని కాగితం ముందుకు లాక్కున్నాడు. రాస్తూ పైకి చదివే అలవాటు ఆయనకు. "ఉమర్, సత్తర్ సాల్..."

"సత్తర్ నహీ సాబ్," అంది అమ్మ. "బాసఠ్. ఆఠ్ సాల్ జాదా లిఖా." డెబ్బై కాదు, అరవై రెండు అని.

నేను ఆమె కాలు తొక్కాను. ఆలస్యమైపోయింది. ఆమెను అనడానికి కూడా లేదు, నలభై ఏళ్ళ అలవాటు.

డాక్టరు ముందు నవ్వాడు. మేస్త్రీ, ఇరవై ఒకటి, జూన్ ఒకటి అంతా అమ్మ వచ్చీరాని హిందీలో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన నవ్వు తగ్గింది. కలం పక్కన పెట్టి, యంత్రంలో డెబ్బై తీసేసి అరవై రెండు నొక్కాడు. తెర మీద అంకె మారింది, రంగు కూడా మారింది.

"చూడమ్మా," అన్నాడు నాతో. "వయసును బట్టి ఊపిరి ఎంత ఉండాలో దీనికి ఒక లెక్క ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇది అరుగుదల. అరవై రెండేళ్ళ మనిషికయితే ఇది జబ్బు. అరవై రెండే నిజమైతే నేను సంతకం పెట్టను, పెద్దాసుపత్రికి స్కాన్‌కు రాస్తాను. ఏది రాయమంటారు?"

నాయిన మా ముగ్గురి మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమంటుండు?" అని అరిచాడు.

చెప్పాలంటే నేనూ అరవాలి. డెబ్బై అయితే ఓడ ఎక్కొచ్చనీ, అరవై రెండైతే ఊపిరితిత్తులు బాగా లేవనీ ఆయన చెవి దగ్గర గొంతు చించుకుని చెప్పాను. బయట బల్లల మీద కూర్చున్న జనం మాటలాపి మావైపు చూశారు. అంత సిగ్గు నాకు పెళ్ళి పోయిన రోజు కూడా వేయలేదు. నాయిన కాసేపు గొట్టం వైపు చూశాడు.

"గిండ్ల ఆలోచించుడేంది," అన్నాడు. "డెబ్బై రాయుమను. పుట్టిన తారీఖు వాళ్ళే రాసిచ్చిరి, ఇగ గదే ఉండనీ."

డాక్టరు ఆయన మాట పట్టించుకోలేదు. అమ్మ వైపు తిరిగాడు. "వయసు మీరే కదా చెప్పింది. మీరే చెప్పండి."

అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది, మళ్ళీ వెనక్కి జరిగింది. నాయిన ఆమె పెదాల వైపే చూస్తున్నాడు, వినబడనప్పుడు ఆయన చేసే పని అది.

"సత్తర్," అంది అమ్మ.

డాక్టరు సంతకం పెట్టాడు. వెనక్కి రాగానే స్కాన్ తీయించాల్సిందే, వయసు ఎంతైనా సరే అని ఆ చీటీ కూడా నా చేతిలో పెట్టాడు. బయటికొచ్చి ఆసుపత్రికి ఫోన్ చేస్తే తొమ్మిది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. ఓడ దిగాక నాలుగు రోజులు ఉంది. ఎలాగూ అప్పటిదాకా ఆగాల్సిందే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మొదట స్కాన్, తర్వాత ఏ ఓడైనా అని గట్టిగా చెప్పాల్సినదాన్ని నేనే. చెప్పలేదు. అది తప్పని తెలుసు, తెలిసే చెప్పలేదు. అమ్మ అడిగింది ఒక్కటే, అది తీసేసుకునే ఓపిక నాకు లేకపోయింది.

ఆఫీసుకెళ్ళి జాబితాలో పేరు కొట్టాను. రాజలింగం. వయసు గడిలో డెబ్బై. ఇన్నేళ్ళుగా ఆయనకు ఎన్ని ఫారాలు నింపానో, ప్రతిసారీ అబద్ధం రాస్తున్నాననే ఉండేది. ఆ రోజు అలా అనిపించలేదు, అందుకే ఒళ్ళు మండింది. పదమూడేళ్ళవాడికి ఎనిమిదేళ్ళు ఊరికే రాసిచ్చారు. తర్వాత ఆయన ఊపిరిలోంచి ఆ ఎనిమిదీ వసూలు చేసుకున్నారు.

సోమవారం పొద్దున్నే ఆఫీసు ముందు బస్సు ఆగింది. ముప్పై నాలుగు మంది. చిన్నవాడికి అరవై ఒకటి, పెద్దావిడకు ఎనభై ఒకటి. ఆవిడ ఎర్ర బూట్లు వేసుకుని అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఎవరెవరికి ఎన్నేళ్ళో నాకు కంఠతా వచ్చు, అదే నా పని. అయినా ఆ వరసను చూస్తుంటే నేను నింపిన అంకెలన్నీ వేరేవాళ్ళవేమో అనిపించింది. డెబ్బై మూడేళ్ళాయన పెట్టె తనే ఎత్తి లోపల పెట్టాడు. అరవై తొమ్మిదేళ్ళావిడ ఏదో జోకుకు పకపకా నవ్వుతోంది.

అమ్మా నాయినా వరస చివర ఉన్నారు. అమ్మ పెళ్ళిళ్ళకు దాచుకునే ఆకుపచ్చ చీర కట్టింది, చేతిలో సకినాల డబ్బా. నాయినకు నేను కొన్న తెల్ల చొక్కా. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, ఊపిరి కోసం ఆగాడు.

ఆయనకు ముందు ఎక్కినాయన వెనక్కి తిరిగి చూశాడు. జాబితాలో పదకొండో పేరు. రింగ్ రోడ్డులో చీరల దుకాణం, డెబ్బై ఆరేళ్ళు. పాపం మంచివాడు. గబగబా ఒక మెట్టు దిగి చెయ్యి అందించాడు.

"ధీమే, కాకా," అన్నాడు. మెల్లగా ఎక్కండి పెద్దాయనా, అని.

నాయినకు వినబడలేదు. చెయ్యి కనబడింది, పట్టుకున్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె నోరు తెరిచింది. గంత లేదు, అనే మాట ఆమె గొంతులోకి వచ్చేసిందని నాకు తెలుసు. ఇంత దగ్గర్నుంచి ఎవరైనా అన్నాక ఆమె ఊరుకోవడం నేను పుట్టాక చూడలేదు. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత నాయిన వీపు మీద అరచెయ్యి ఆనించి, "ఎక్కు" అంది. ఎంత మెల్లగా అందంటే పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు.