ఉడెంబాను దాటిపోయిన పళ్ళెం

నేను ఒక చెక్క పళ్ళాన్ని. నైజీరియాలో ఇగ్బోల ఊళ్ళో ఒక ముసలి వడ్రంగి ఇరోకో మానును తొలిచి నన్ను చేశాడు. నడుమ వేరుశనగ కారం ముద్దకు చిన్న గుంట, చుట్టూ కోలా గింజలకు వెడల్పాటి చోటు. మీ ఇళ్ళలో తాంబూలం ఎలాగో ఇక్కడ కోలా గింజ అలాగ. పరమ చేదు. ఆ చేదు కోసం మనుషులు పాటించే మర్యాదలు చూస్తే నాకు నవ్వొస్తుంది. గింజను విరిచే ముందు నేను ఇంటి యజమాని చేతిలోంచి బయల్దేరి, వరసప్రకారం చుట్టాలందరి చేతులూ తిరిగి, మళ్ళీ ఆయన దగ్గరికే రావాలి. ఒక్క చేయి తప్పితే ఆ మనిషిని వెలివేసినట్టే.

నా యజమాని అనేనె ఆ తప్పు కావాలనే చేశాడు. పెండలం తోట గట్టు విషయంలో తమ్ముడు ఉడెంబాతో మాటా మాటా పెరిగిన ఏడాది, కొత్త పెండలాల పండగనాడు, నన్ను తమ్ముడి ముందునుంచే అవతలి మనిషికి అందించాడు. ఉడెంబా అప్పటికే చేయి చాపి ఉన్నాడు. ఆ చేయి వెనక్కి వెళ్ళడం నేను దగ్గరగా చూశాను. అతను లేచి వెళ్ళిపోయాడు, తొమ్మిదేళ్ళు ఈ గడప తొక్కలేదు. ఆ అవమానంలో నాకూ వాటా ఉందని సిగ్గుగా ఉండేది.

తొమ్మిదో ఏట అనేనె కూతురు ఉజూకు పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు తెచ్చిన కల్లు పిల్ల తండ్రి వంశంవాళ్ళు తాగితేనే అది పెళ్ళి. బాబాయి రాకుండా తాము ముట్టమని పెద్దలు తేల్చేశారు. వెళ్ళి తమ్ముణ్ణి పిలవమంటే అనేనె మోకాలు నొప్పి అన్నాడు.

అతని భార్య ఉగోయె నన్ను గుడ్డలో చుట్టుకుని తానే బయల్దేరింది. ఇక్కడ ఆడవాళ్ళు కోలా విరవకూడదు. ఖాళీ పళ్ళెం మోయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"వట్టి పళ్ళెం తెచ్చావేంటి వదినా?" అన్నాడు ఉడెంబా.

"గింజ నువ్వే పెట్టుకుని ఉజూ పెళ్ళికి రా. తప్పు మీ అన్నది. నీ ఒళ్ళో పెరిగిన పిల్ల ఏం చేసింది?"

అతను నన్ను చేతిలోకి తీసుకున్నాడు. నా అంచు తడుముతూ ఉండిపోయాడు.

పెళ్ళినాడు నా నిండా గింజలతో వచ్చి, నన్ను అన్న ముందు పెట్టి, బయటివాళ్ళ వరసలో కూర్చున్నాడు. నేను చేయీ చేయీ మారుతూ తిరిగాను. ఉడెంబా వంతు రాగానే ఆ మోకాలు నొప్పి మనిషి లేచొచ్చి నన్ను స్వయంగా తమ్ముడి చేతికి ఇచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రార్థన అయింది, గింజలు విరిచారు, కల్లు తాగారు. ఉజూ పెళ్ళికూతురైంది.

వెళ్ళేముందు ఉడెంబా నాలోంచి ఒక గింజ తీసి జేబులో వేసుకోబోయాడు. ఎవరింట మర్యాద జరిగిందో ఇంట్లోవాళ్ళకు చూపడానికి అతిథులు అలా పట్టుకెళ్తారు. అనేనె ఆ చేయి పట్టుకున్నాడు.

"అది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు చేసే పని. నువ్వు ఇక్కడే కూచుని తిను."

ఉడెంబా కూర్చుని ఆ గింజను విరిచి, సగం అన్న చేతిలో పెట్టాడు.